తొలి మ్యాప్ సర్వర్: కంపైల్ చేయాలా, చేస్తే దేన్ని?

మీ దగ్గర నాలుగైదు షేప్‌ఫైళ్లు (ఊళ్లు, రోడ్ల వంటి భౌగోళిక డేటా ఉండే ఫైళ్లు) ఉన్నాయి. వాటిని బ్రౌజరులో పటంగా చూపాలి. ఎక్కడ వెతికినా మ్యాప్‌సర్వర్, జియోసర్వర్, క్యూజీఐఎస్ సర్వర్ అనే మూడు పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. మూడూ ఓపెన్ సోర్స్, మూడూ ఉచితం, మూడూ డబ్ల్యూఎంఎస్ అనే ఒకే ప్రమాణంలో (పటాన్ని వెబ్‌లో బొమ్మగా అడిగి తెచ్చుకునే పద్ధతి) జవాబిస్తాయి. వాటి లక్షణాలను పట్టికగా వేసి పోల్చుకుందామంటే దాదాపు ప్రతి గడిలోనూ ‘ఉంది’ అనే కనిపిస్తుంది. అలాంటి పట్టిక చూసి ఎవరూ నిర్ణయానికి రాలేరు, నేనూ రాలేకపోయాను.

మూడింటినీ వేర్వేరు పనులకు నడిపాక నాకు అర్థమైంది ఇది: తేడా అవి చేయగలిగే పనిలో కన్నా, మీ మొదటి వారం దేనికి ఖర్చవుతుందన్న దాంట్లో ఉంది. మ్యాప్‌సర్వర్‌తో ఆ వారం లైబ్రరీలను జతపరచడానికీ, ఒక టెక్స్ట్ ఫైలు రాయడానికీ పోతుంది. జియోసర్వర్‌తో జావా వెర్షన్లకూ, మెనూలు తెలుసుకోవడానికీ పోతుంది. క్యూజీఐఎస్ సర్వర్‌తో వెబ్ సర్వర్ అమరికలకు పోతుంది. ఈ మూడు తలనొప్పుల్లో మీరు ఏది భరించగలరో అదే మీ సర్వర్.

అసలు సర్వర్ లేకుండా గడుస్తుందా?

ఈ ప్రశ్న ముందే వేసుకోండి. డేటా ఎప్పుడో గాని మారదు, చూసేవారు జూమ్ చేసి ఒక చోట నొక్కి వివరం చదువుకుంటే చాలు అనుకుంటే మ్యాప్ సర్వర్ జోలికి పోవద్దు. ఫైలును బ్రౌజరు చదవగలిగే జియోజేసన్ రూపంలోకి మార్చి, పటాలు చూపే లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చూపండి. కొద్ది మెగాబైట్ల వరకు బ్రౌజరు ఆ బరువు మోస్తుంది. అంతకు మించితే పీఎంటైల్స్ ఉంది: పటం పలకలన్నీ (పటాన్ని కోసిన చిన్న చదరపు ముక్కలు) ఒకే ఫైలులో ఉంటాయి. దాన్ని మామూలు వెబ్ సర్వర్‌లో పెడితే బ్రౌజరు తనకు కావలసిన ముక్కను మాత్రమే అడిగి తెచ్చుకుంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

డేటా పోస్ట్‌జీఐఎస్ అనే భౌగోళిక డేటాబేసులో రోజూ మారుతూ ఉన్నప్పుడు సర్వర్ కావాలి. మీ పటాన్ని ఇతరులు తమ సాఫ్ట్‌వేర్‌లోకి డబ్ల్యూఎంఎస్ ద్వారా తెచ్చుకోవాలన్నా, అసలు డేటా చేతికివ్వకుండా బొమ్మ మాత్రమే చూపాలన్నా కావాలి. ఈ మూడింట్లో ఏదీ మీకు వర్తించకపోతే చదవడం ఇక్కడే ఆపేసి లీఫ్‌లెట్ పని చూసుకోండి, తప్పులేదు.

కంపైల్ చేయడానికి కారణం ఉందా?

కొత్తగా వచ్చినవారిలో చాలామంది సోర్సు కోడు దింపుకుని కంపైల్ చేయడంతోనే (అంటే దాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవడంతోనే) మొదలుపెడతారు. ఓపెన్ సోర్స్ అంటే అలాగే చేయాలన్న అపోహ ఒకటి ఉంది. డెబియన్, ఉబుంటు రెండింటిలోనూ మ్యాప్‌సర్వర్, క్యూజీఐఎస్ సర్వర్ ప్యాకేజీలుగా సిద్ధంగా దొరుకుతాయి. విండోస్‌లో మ్యాప్‌సర్వర్‌కు ఎంఎస్4డబ్ల్యూ, క్యూజీఐఎస్‌కు ఓఎస్‌జియో4డబ్ల్యూ ఉన్నాయి. జియోసర్వర్‌ను జిప్ ఫైలు విప్పి నేరుగా నడపవచ్చు. ప్యాకేజీతో పది నిమిషాల్లో అయ్యే పనికి వారాంతమంతా ధారపోయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

అయినా కంపైల్ చేయడానికి సరైన కారణాలు ఉంటాయి. మీ లైనక్స్‌లో ఉన్న ప్యాకేజీ మరీ పాతది కావచ్చు. మీకు కావలసిన సౌకర్యం అందులో ఆపేసి ఉండవచ్చు. ఒక లోపానికి వచ్చిన దిద్దుబాటు ఇంకా విడుదలలోకి రాకపోయి ఉండవచ్చు. లేదా లోపల ఏముందో చూడాలన్న కోరిక ఉండవచ్చు. చివరిదాన్ని తక్కువగా చూడను. నేను నేర్చుకున్నదానిలో సగం అలాగే వచ్చింది. నేర్చుకోవడానికే అయితే మాత్రం మూడింట్లో కంపైల్ చేయదగినది ఒక్కటే, అది మ్యాప్‌సర్వర్.

జియోసర్వర్ జావాలో రాసింది. మేవెన్ అనే జావా పనిముట్టుతో కంపైల్ చేస్తే అది బోలెడన్ని లైబ్రరీలు దింపుకుని, చివరికి వెబ్‌సైటులో ముందే దొరికే ఫైలునే మీ చేతిలో పెడుతుంది. దాని కోడులో మార్పులు చేసేవారికి తప్ప ఆ శ్రమకు ఫలం లేదు. క్యూజీఐఎస్ సర్వర్ సంగతి ఇంకోలా ఉంటుంది. అది డెస్క్‌టాప్ క్యూజీఐఎస్‌తో ఒకే కోడులో కలిసి ఉంటుంది కాబట్టి కిటికీలు, బొత్తాలు గీసే క్యూటీ లైబ్రరీతో సహా పెద్ద పరివారాన్నే పిలవాలి. సాధారణ కంప్యూటరులో ఆ పని ఎంతకీ తెమలదు, మొదటిసారి చేసేవారికి అసలు వద్దు. మ్యాప్‌సర్వర్ సి, సి++ భాషల్లో ఉన్న చిన్న ప్రోగ్రాము. లైబ్రరీలన్నీ సిద్ధంగా ఉంటే నిమిషాల్లో కంపైల్ అవుతుంది. తప్పు జరిగితే వెనక్కి వెళ్లి మళ్లీ చేయడానికి భయం వేయదు.

మ్యాప్‌సర్వర్: చిన్నది, పాతది, మొండిది

1990ల మధ్యలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, నాసా సహకారంతో జరిగిన ఒక అటవీ సమాచార ప్రాజెక్టు నుంచి ఇది పుట్టింది. ఆ వయసు దాని స్వభావంలో కనిపిస్తుంది. నొక్కడానికి బొత్తాలు లేవు, లాగిన్ పేజీ లేదు. మ్యాప్‌ఫైలు అనే టెక్స్ట్ ఫైలు ఒకటి రాస్తారు. వెబ్ సర్వర్ సీజీఐ (వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రామును నడిపించే పద్ధతి) ద్వారా ప్రోగ్రామును పిలుస్తుంది. అది ఫైలు చదివి, బొమ్మ గీసి ఇచ్చి వెళ్లిపోతుంది. ప్రతి అభ్యర్థనకూ ఇదంతా మొదటి నుంచీ జరుగుతుంది. వేగం కావాలంటే ప్రోగ్రామును ఆపకుండా నడుపుతూ ఉంచే ఫాస్ట్‌సీజీఐకి మారవచ్చు గాని, నేర్చుకునేటప్పుడు ఈ మతిమరుపే మేలు. ఫైలులో రంగు మార్చి పేజీని రీలోడ్ చేస్తే మార్పు వెంటనే కనిపిస్తుంది, దేన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టే పని ఉండదు.

2013 నాటి 6.4 వెర్షన్ నుంచి దీన్ని సీమేక్‌తో (లైబ్రరీలను వెతికి కంపైలేషన్‌ను సిద్ధం చేసే పనిముట్టు) కంపైల్ చేస్తున్నారు. మీరు చదువుతున్న పాఠంలో ‘కాన్ఫిగర్’ అనే స్క్రిప్టు నడపమని ఉంటే అది అంతకన్నా పాతదని గుర్తు, పక్కన పెట్టండి.

మ్యాప్‌సర్వర్ సొంతంగా చేసే పని తక్కువ, చేయించుకునే పని ఎక్కువ. ప్రొజెక్షన్ల లెక్కలు (గుండ్రని భూమిని చదునైన పటంగా మార్చేవి) ప్రాజ్ చూస్తుంది. రకరకాల ఫైళ్లు చదవడం జీడాల్ వంతు. ఆకారాల మీద లెక్కలకు జియోస్, అక్షరాలు గీయడానికి ఫ్రీటైప్ ఉన్నాయి. ఈ లైబ్రరీలు మీ కంప్యూటరులో ఉన్నా కంపైలేషన్‌కు చాలవు. పేరు చివర ‘డెవ్’ అని ఉండే ప్యాకేజీలు కూడా కావాలి, హెడర్ ఫైళ్లు ఉండేది వాటిలోనే. జీడాల్ ఉంది కదా, సీమేక్ లేదంటుందేమిటి అని తల పట్టుకునేవారికి చాలాసార్లు జవాబు ఇదే. డెబియన్, ఉబుంటుల్లో ఒక దగ్గరి దారి ఉంది. సోర్సు ప్యాకేజీల జాబితాను చేతనం చేసి, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌కు ‘బిల్డ్-డెప్ మ్యాప్‌సర్వర్’ అని చెబితే కంపైలేషన్‌కు కావలసినవన్నీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. ఒక్కొక్క లోపం వెంటా పరుగెత్తే పని చాలావరకు తప్పుతుంది.

లైబ్రరీ దొరకనప్పుడు మ్యాప్‌సర్వర్ సీమేక్ మర్యాదగానే ప్రవర్తిస్తుంది. ఫలానాది కనబడలేదు, అక్కరలేదంటే ఈ ఐచ్ఛికాన్ని సున్నా చేయండి అని సలహా కూడా ఇస్తుంది. ఆ సలహా తీసుకోవడంలోనే చాలామంది బోల్తా పడతారు. ప్రోటోబఫ్-సి లేకపోతే వెక్టర్ పలకలు (బొమ్మకు బదులు ఆకారాల డేటా ఉండే పలకలు) రావు, మొదట్లో దాన్ని సున్నా చేసినా నష్టం లేదు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి అలాంటివి కావు. ఇంగ్లిష్ లేబుళ్లు వేసేవారికి అవి లేకపోయినా తేడా తెలియదు. తెలుగు రాసేవారికి మాత్రం కొంప మునుగుతుంది: ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం పటం మీద స, త, ర అని విడివిడిగా, పొల్లులు పక్కన వేలాడుతూ పడుతుంది. నేను మొదటిసారి ఇది చూసి ఫాంటు తప్పు అనుకుని నాలుగు ఫాంట్లు మార్చాను. ఫాంట్లలో ఏ దోషమూ లేదు. రెండు రోజుల క్రితం సీమేక్ అడ్డుపడకుండా ఉండాలని నేనే హార్ఫ్‌బజ్‌ను సున్నా చేశాను. కంపైల్ అయ్యాక ‘మ్యాప్‌సర్వ్’ ప్రోగ్రామును ‘-వి’ అని పిలిస్తే అది ఏయే సౌకర్యాలతో తయారైందో వరుసగా చెబుతుంది. మొదటి పటం గీయకముందే ఆ వరుస చదవండి. ఆ రెండు రోజులూ నేను చదవనిది అదే.

ఇంకొక పొరపాటూ నాదే. కొత్త ప్రాజ్ కావాలని దాన్నీ సోర్సు నుంచి కంపైల్ చేశాను. జీడాల్‌ను మాత్రం ప్యాకేజీ నుంచే తీసుకున్నాను. ఆ జీడాల్ పాత ప్రాజ్‌తో జతై ఉంది, నా మ్యాప్‌సర్వర్ కొత్తదానితో జతైంది. ఒకే ప్రోగ్రాములో ఇద్దరు ప్రాజ్‌లు చేరాక ఏమవుతుంది? కొన్ని పటాలు చక్కగా వచ్చాయి, కొన్నిచోట్ల ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా కూలిపోయింది. ‘ఎల్‌డీడీ’ అనే ఆదేశంతో చూస్తే ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో, రెండు దారుల్లో కనిపించింది. అందుకే నా సలహా ఇది: ప్రాజ్, జీడాల్, జియోస్ మూడింటినీ ప్యాకేజీల నుంచే తీసుకోండి, మ్యాప్‌సర్వర్‌ను ఒక్కదాన్నే కంపైల్ చేయండి. కాదు, ప్రాజ్ కూడా కొత్తది కావాల్సిందే అంటే దాని మీద ఆధారపడే జీడాల్‌ను కూడా మళ్లీ కంపైల్ చేయాలి. మధ్యేమార్గం లేదు.

ఐచ్ఛికాలు మార్చి సీమేక్‌ను మళ్లీ నడిపేటప్పుడు బిల్డ్ ఫోల్డరును పూర్తిగా చెరిపేయండి. లేకపోతే పాత జవాబులనే గుర్తుపెట్టుకుని మళ్లీ అదే తప్పు చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ‘షేర్డ్ లైబ్రరీ దొరకలేదు’ అంటే ‘ఎల్‌డీకాన్ఫిగ్’ ఒకసారి నడపండి. ‘ప్రాజ్.డీబీ కనబడలేదు’ అనే ఫిర్యాదు 2019లో వచ్చిన ప్రాజ్ 6 నుంచి మొదలైంది. ప్రొజెక్షన్ల వివరాలన్నీ అప్పటి నుంచి ఆ డేటాబేసు ఫైలులో ఉంటున్నాయి. అది ఉన్న ఫోల్డరును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పాలి. ఆ వేరియబుల్ పేరు పాత ప్రాజ్‌లో ‘ప్రాజ్ లిబ్’, 9.1 నుంచి ‘ప్రాజ్ డేటా’.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. వెబ్ సర్వర్‌ను తాకకముందే కమాండ్ లైనులో బొమ్మ తెప్పించండి. మ్యాప్‌సర్వర్‌తో పాటు ‘మ్యాప్2ఐఎంజీ’ అనే చిన్న పనిముట్టు వస్తుంది, 8.0కు ముందు దాని పేరు ‘ఎస్‌హెచ్‌పీ2ఐఎంజీ’. మ్యాప్‌ఫైలు ఇస్తే పీఎన్‌జీ బొమ్మ ఇస్తుంది. మొదటి మ్యాప్‌ఫైలు ఇరవై వరుసలు మించక్కరలేదు: పటం పరిధి, బొమ్మ కొలత, ఒక లేయరు, దాని డేటా ఫైలు దారి, ఒక క్లాసు, అందులో ఒక స్టైలు, ఒక రంగు. తెరిచిన ప్రతిదానికీ ‘ఎండ్’ రాయాలి. ఒకటి మరిచిపోతే ఏ వరుస దగ్గర తికమక పడిందో అది చెబుతుంది, తప్పు మాత్రం సాధారణంగా ఆ వరుసకు కాస్త పైన ఉంటుంది. బొమ్మ తెల్లగా వస్తే లేయరు స్టేటస్ ‘ఆన్’లో ఉందో లేదో చూడండి. బొమ్మ వచ్చిందంటే కంపైలేషన్, లైబ్రరీలు, డేటా, మ్యాప్‌ఫైలు అన్నీ సరిగా ఉన్నట్టే. ఆ తర్వాత బ్రౌజరులో ఏ తప్పు వచ్చినా అది వెబ్ సర్వర్ వైపుదే. ఇలా రెండుగా విడగొట్టకుండా నేరుగా బ్రౌజరులో మొదలుపెడితే తప్పు ఏ గదిలో ఉందో తెలియక ఇల్లంతా వెతకాల్సి వస్తుంది.

వెబ్ సర్వర్ వైపు ఎదురయ్యేవి కొన్నే. పటం రావాల్సిన చోట బ్రౌజరు ‘మ్యాప్‌సర్వ్’ ఫైలును డౌన్‌లోడ్ చేసిందంటే సీజీఐ పనిచేయడం లేదు. అపాచీలో ఆ మాడ్యూలును చేతనం చేయాలి. ఫైలు చదవలేకపోయానని ఫిర్యాదు వస్తే మీ డేటా హోం ఫోల్డరులో ఉందేమో చూడండి. వెబ్ సర్వర్ వేరే వినియోగదారుగా నడుస్తుంది కాబట్టి మీ గదిలోకి రాలేదు. ఇక 2022లో వచ్చిన 8.0తో పాత పాఠాలన్నీ ఒకే చోట ఆగిపోతాయి. అప్పటి నుంచి మ్యాప్‌సర్వర్‌కు తనదైన కాన్ఫిగరేషన్ ఫైలు తప్పనిసరి. ఏ దారిలోని మ్యాప్‌ఫైళ్లను తెరవవచ్చో అందులో ఒక నమూనాగా రాయకపోతే చిరునామాలో ఇచ్చిన మ్యాప్‌ఫైలును తెరవడానికి ఒప్పుకోదు. విసుగు పుట్టించే నియమమే గాని, దారి తెలిసిన ప్రతివారూ మీ సర్వర్‌లోని ఏ ఫైలునైనా తెరవమని అడగకుండా పెట్టిన కాపలా అది.

జియోసర్వర్: మొదటి గంట సుఖం

2001లో న్యూయార్క్‌లోని ఒక లాభాపేక్ష లేని సంస్థలో మొదలైంది. మొదటి గంటను మాత్రమే లెక్క వేస్తే ఈ పోటీలో గెలుపు దీనిదే. జావా ఉంటే జిప్ విప్పి స్టార్టు స్క్రిప్టు నడపండి. 8080 పోర్టులో లాగిన్ పేజీ వస్తుంది. ‘స్టోరు’ ఒకటి చేర్చి, అందులోంచి లేయరును ప్రచురించి, ప్రివ్యూ నొక్కితే పటం ప్రత్యక్షమవుతుంది. షేప్‌ఫైలు, జియోటిఫ్, పోస్ట్‌జీఐఎస్ మూడింటినీ జావాలోనే చదువుతుంది కాబట్టి పైన చెప్పిన జీడాల్, ప్రాజ్ గొడవ ఇక్కడ లేదు. పలకలను దాచుకునే జియోవెబ్‌క్యాష్ లోపలే ఉంది. బ్రౌజరు నుంచి డేటాను మార్చి తిరిగి రాసే డబ్ల్యూఎఫ్ఎస్ లావాదేవీలు కావాలంటే మ్యాప్‌సర్వర్ ఆ పని చేయదు, జియోసర్వర్ చేస్తుంది. నలుగురు కలిసి నడిపే చోట, ఎవరికి ఏ లేయరు కనిపించాలో నిర్ణయించాల్సిన చోట నేను దీన్నే ఎంచుకుంటాను.

సుఖానికి బదులు తర్వాత చెల్లించాలి. మెమరీ బాగా తింటుంది. అతి చిన్న అద్దె సర్వర్‌లో దీన్ని పెట్టి నెమ్మదిగా ఉందని తిట్టుకోవడం న్యాయం కాదు. దీన్ని టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో పెట్టేవారికి ఒక ఉచ్చు ఉంది. జియోసర్వర్ 2 వరుస వెర్షన్లు టామ్‌క్యాట్ 9లో నడుస్తాయి. కొత్తది మేలు కదా అని టామ్‌క్యాట్ 10 పెడితే లేవదు, ఎందుకంటే జావా వెబ్ లైబ్రరీల పేర్లే అక్కడ మారిపోయాయి. రంగులు, గీతలు ఎస్ఎల్‌డీ అనే ఎక్స్ఎమ్ఎల్‌లో రాయాలి. ఒక రోడ్డుకు రంగు వేయడానికి అన్ని వరుసలా అని మొదట్లో అనిపిస్తుంది, తర్వాత కూడా అనిపిస్తుంది.

భద్రత మాట దాటవేయకూడదు. మొదటి లాగిన్ ‘అడ్మిన్’, సంకేతపదం ‘జియోసర్వర్’ అని ప్రపంచమంతటికీ తెలుసు. ఇంటర్నెట్‌కు తెరవకముందే దాన్ని మార్చండి. 2024లో బయటపడిన సీవీఈ-2024-36401 లోపంతో లాగిన్ అవసరం లేకుండానే బయటివారు సర్వర్‌లో తమ కోడు నడపగలిగేవారు. దిద్దుబాటు వెంటనే వచ్చింది గాని, ఒకసారి పెట్టి మరిచిపోయిన సర్వర్లకు అది దానంతట అది చేరదు. అప్‌డేట్లు పెట్టే ఓపిక లేనివారు జియోసర్వర్‌ను బహిరంగంగా నడపకపోవడమే మంచిది.

క్యూజీఐఎస్ సర్వర్: ఇప్పటికే పటం గీసేవారికి

మీరు రోజూ క్యూజీఐఎస్‌లోనే పనిచేస్తుంటే పైదంతా చదివి కంగారు పడకండి. డెస్క్‌టాప్‌లో గీసిన ప్రాజెక్టు ఫైలును సర్వర్‌కు పంపితే చాలు. బొమ్మ గీసే ఇంజిను ఒకటే కాబట్టి తెర మీద చూసినట్టే వెబ్‌లోనూ వస్తుంది. ఎస్ఎల్‌డీ రాయనక్కరలేదు, మ్యాప్‌ఫైలూ రాయనక్కరలేదు. లేబుళ్ల అందంలో మిగతా రెండూ దీనికి సాటిరావు.

చిక్కులు వచ్చేది ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మారేటప్పుడే. ప్రాజెక్టులో డేటా దారులు సాపేక్షంగా ఉండాలి, లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు కోసం సర్వర్ వెతుకుతూ కూర్చుంటుంది. వాడిన ఫాంటు సర్వర్‌లో లేకపోతే తెలుగు పేర్ల బదులు ఖాళీ పెట్టెలు వస్తాయి. డెస్క్‌టాప్ వెర్షన్ సర్వర్ వెర్షన్ కన్నా కొత్తది కాకుండా చూసుకోండి. తెర లేని సర్వర్లలో క్యూటీ తెర కోసం వెతికి ఆగిపోతే దాన్ని ‘ఆఫ్‌స్క్రీన్’ పద్ధతిలో నడపమని చెప్పాలి. వెబ్ సర్వర్‌కు ఫాస్ట్‌సీజీఐ జతచేయడం ఒక్కటే నిజంగా కష్టమైన భాగం, దానికి ఒక సాయంత్రం కేటాయించండి.

మిగతా పేర్లు

మ్యాప్‌నిక్ పేరు కూడా వినిపిస్తుంది. 2005లో మొదలైన ఆ లైబ్రరీ బొమ్మలు అద్భుతంగా గీస్తుంది గాని సర్వర్ కాదు, చుట్టూ ఇంకా చాలా కట్టాలి. మొదటి ప్రాజెక్టుకు వద్దు. పోస్ట్‌జీఐఎస్ నుంచి నేరుగా వెక్టర్ పలకలు ఇచ్చే మార్టిన్, పీజీ టైల్‌సర్వ్ రెండూ ఒక్క ఫైలుగా దొరుకుతాయి, కంపైల్ చేసే పనే లేదు. డేటా అంతా పోస్ట్‌జీఐఎస్‌లో ఉండి, డబ్ల్యూఎంఎస్ అడిగేవారు ఎవరూ లేకపోతే నేను ముందు వీటినే చూస్తాను. అయితే వెక్టర్ పలకల్లో అక్షరాలు గీసేది బ్రౌజరులో నడిచే మ్యాప్‌లిబ్రే అనే లైబ్రరీ. తెలుగు వంటి లిపుల ఒత్తులను సరిగా కూర్చలేకపోవడం దానికి చాలాకాలంగా ఉన్న బలహీనత. తెలుగు లేబుళ్లే పటానికి ప్రాణమైతే బొమ్మను సర్వర్ గీసే పద్ధతే నమ్మకమైనది.

ఏది పెట్టినా ఒకటి గుర్తుంచుకోండి. డబ్ల్యూఎంఎస్ 1.3.0లో ఈపీఎస్‌జీ 4326 (స్థానాన్ని అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో చెప్పే పద్ధతి) వాడితే పరిధిని అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత ఇవ్వాలి. 1.1.1లో అది తిరగబడి ఉంటుంది. రెండూ తారుమారైతే సర్వర్ ఏ తప్పూ చెప్పదు, మీ డేటా లేని చోటును శ్రద్ధగా గీసి తెల్లటి బొమ్మ పంపుతుంది. కంపైల్ చేసినదాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే ముందు, పరిధిగా ఇచ్చిన ఆ నాలుగు సంఖ్యల వరుసను ఒకసారి మార్చి చూడండి.